చివరిదాకా ఉండే హక్కు

నేను ప్రాక్టీసు మానేసి రెండేళ్ళు కావస్తోంది. ఏలూరు కోర్టులోనూ, అప్పుడప్పుడు తాడేపల్లిగూడెం కోర్టులోనూ పనిచేసినన్నాళ్ళూ నా దగ్గరకు ఎక్కువగా అద్దె ఇళ్ళ గొడవలే వచ్చాయి. పొలం కేసులు, చేపల చెరువుల కేసులు చేసినవాళ్ళు సొంత ఇళ్ళు కట్టుకున్నారు. అద్దె కేసులు చేసిన నేను అద్దె ఇంట్లోనే ఉన్నాను.

ఈమధ్య లాయరుగా కొత్తగా ఎన్‌రోల్ అయిన ఒకమ్మాయి ఫోన్ చేసి, అద్దె కేసుల్లో ముందుగా ఏం నేర్చుకోవాలి మేడం అని అడిగింది. చట్టం పుస్తకంలో ఉంది, చదువుకోమన్నాను. ఫోన్ పెట్టేశాక అది జవాబు కాదనిపించింది. అసలు జవాబు కాస్త పొడుగు. అందుకని రాస్తున్నాను.

గుమ్మం దగ్గర ఆగే మనుషులు

అద్దె కేసుకు వచ్చిన మనిషి వెంటనే లోపలికి రాడు. గుమ్మం దగ్గర నిలబడి బోర్డు రెండుసార్లు చదువుతాడు. ఇల్లు పోతుందన్న భయం కన్నా, వీధిలో అందరూ చూస్తుండగా సామాను బయట పెట్టిస్తారేమోనన్న సిగ్గు ఎక్కువ. అందుకే మొదటి పావుగంట మనం మాట్లాడకూడదు. మంచినీళ్ళిచ్చి వినాలి.

నిజానికి మనం చెప్పాల్సిన చట్టం కొంచెమే. పదకొండు నెలల అగ్రిమెంటు గడువు ముగిసినంత మాత్రాన సామాను వీధిలో పెట్టే హక్కు ఓనరుకు రాదు. గడువు దాటాక కూడా అద్దె పుచ్చుకుంటూ ఉంటే అది నెలనెలా సాగే అద్దె అవుతుంది. దాన్ని ముగించాలంటే ఓనరైనా, అద్దెకున్నవారైనా పదిహేను రోజుల ముందు కాగితం మీద చెప్పాలి. చెప్పినా కదలకపోతే ఓనరు కోర్టుకు వెళ్ళాలి గాని తాళం పగలగొట్టకూడదు, నీళ్ళు ఆపకూడదు, కరెంటు తీయించకూడదు. ఇక బ్రోకరు ఫీజు. అది ఇంత ఉండాలని చట్టం చెప్పదు. మన వైపు ఒక నెల అద్దె ఆనవాయితీ. అది ఇల్లు చూపించి చేర్పించినందుకు. ఏడాది తిరిగిందనో, ఖాళీ చేస్తున్నారు కదా అనో మళ్ళీ అడిగితే, ముందే ఒప్పుకుని ఉంటే తప్ప ఇవ్వనక్కర్లేదు.

ఇంతే. మిగతాదంతా మనుషులు.

ఒకసారి ఒక బ్యాంకు ఉద్యోగికి అడ్వాన్సు తిరిగి ఇవ్వనన్నారు. గోడలకు మేకులు కొట్టి పాడుచేశాడట. ఓనరు దంపతుల్ని పిలిచి మాట్లాడుతుంటే ఒక్కో మేకు గురించీ వాదన నడిచింది. హాల్లో గుమ్మం పైనున్న పెద్ద మేకు సంగతి వచ్చేసరికి ఓనరు భార్య, "అది కాదులెండి, అది మా మావగారి ఫొటోది" అన్నారు. ఆయన ఆమె వైపు చూశారు. కేసు అక్కడితో అయిపోయింది. ఇలాంటి రోజులూ ఉంటాయి. ఎక్కువ ఉండవు.

మా సీనియరు గారు

నేను కామవరపుకోట నుంచి వచ్చినదాన్ని. మా నాన్న మిషను బళ్ళో మాస్టారు. ఏలూరులో నన్ను జూనియరుగా చేర్చుకున్న సీనియరు గారు కోపిష్టి. ఫీజు దగ్గర గట్టి మనిషి, కాగితాలు సరిగా పెట్టుకోరు, జూనియర్లను మెచ్చుకోవడం ఆయన నోట వినలేదు. కానీ ఒక అలవాటు మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇల్లు చూడకుండా ఇంటి కేసు వెయ్యకూడదు.

కాలవ గట్టు మీద ఒక పాత పెంకుటింటి కేసు వచ్చింది. పైకప్పు కూలేలా ఉంది, ఖాళీ చెయ్యమని ఓనరు అంటున్నాడు. అంతా అబద్ధం, ఎక్కువ అద్దెకు ఇంకొకరిని తెచ్చుకోవడానికి అని మా క్లయింటు. సీనియరు గారు నన్ను స్కూటరు మీద ఎక్కించుకుని ఆ ఇంటికి వెళ్ళారు. దూలాలు పుచ్చాయో లేదో చూడలేదు. గదిలో దూలానికి ఉయ్యాల తాళ్ళ గుర్తులున్నాయి. ఉయ్యాల మాత్రం వరండాలో ఉంది. "ఉయ్యాల బయటికెందుకు మార్చారండీ?" అని అడిగారు. క్లయింటు తల దించుకున్నాడు. ఆ గది పడుతుందని అతనికీ తెలుసు. వెళ్ళడానికి ఇంకో ఇల్లు లేదు, అదీ సంగతి. ఇంకో ఇల్లు చూసుకునేదాకా గడువు ఇప్పించి ఇద్దరినీ ఒప్పించారు.

తిరిగొచ్చేటప్పుడు ఆయన అన్నమాట: "అబద్ధమాడేవాడి దగ్గర కూడా ఒక నిజం ఉంటుందమ్మా. అది ఇంట్లో ఉంటుంది, కోర్టు కాగితాల్లో ఉండదు."

సుభద్ర టీచరు

ఇప్పుడు చెప్పబోయేది నా చివరి పెద్ద కేసు. కోర్టు లెక్కలో అది పెద్దది కాదు, తీర్పు కూడా రాలేదు.

సుభద్ర తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో హిందీ టీచరు. యాభై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఒక ఇంటి మేడ మీద భాగంలో చాలా ఏళ్ళుగా అద్దెకు ఉంటోంది. కింద ఓనరు నాగరత్నం గారు, భర్త పోయాక ఒక్కరే ఉంటారు. సుభద్రకు కేన్సరు వచ్చింది. ఉద్యోగం మానేసి మందుల కోసం ఏలూరు ఆసుపత్రికి వస్తూ పోతూ, ఒక మధ్యాహ్నం మా ఆఫీసుకు వచ్చింది. తలకు నూలు రుమాలు కట్టుకుంది. మెట్లెక్కిన ఆయాసం తగ్గేదాకా కూర్చుని, ఆ తర్వాత క్లాసులో పాఠం చెప్పినంత నెమ్మదిగా సంగతి చెప్పింది.

నాగరత్నం గారు బ్రోకరు సత్తిబాబు చేత కబురు చేశారట. అగ్రిమెంటు గడువు ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఈ నెలాఖరుకు ఖాళీ చెయ్యమని. వేరే ఇల్లు తను చూపిస్తానని, దానికి ఒక నెల అద్దె ఫీజు ఇమ్మని, కొత్త ఇంటివాళ్ళకు మాత్రం జబ్బు సంగతి చెప్పొద్దని సత్తిబాబు సలహా ఇచ్చాడట.

చెప్పకుండా చేరితే వాళ్ళు కూడా రేపు ఇదే అంటారు కదా అంది సుభద్ర. ఆ తర్వాత అడిగింది:

"నేను చనిపోయేదాకా ఆ ఇంట్లో ఉండే హక్కు నాకు ఉందాండీ?"

అన్నేళ్ళ ప్రాక్టీసులో ఆ ప్రశ్న ఆ రూపంలో నన్నెవరూ అడగలేదు. అద్దె కడుతున్నంత కాలం, కోర్టు వెళ్ళమనేదాకా ఉండొచ్చని చెప్పాను. కోర్టులో ఎంత కాలం పడుతుందని అడిగింది. మామూలుగా క్లయింట్లకు ఆ మాట చెప్పడానికి సిగ్గుపడతాం. ఆరోజు సిగ్గుపడలేదు. ఏళ్ళు పడుతుందన్నాను. డాక్టరుగారు ఎన్నాళ్ళన్నారని నేను అడిగాను.

"ఆ మాట ఆయన చెప్పలేదండీ. నేనూ అడగలేదు. వచ్చే వేసవి గురించి మాత్రం ఆయన మాట్లాడటం లేదు."

కింద ఇల్లు, పై ఇల్లు

సీనియరు గారి అలవాటు ప్రకారం ముందు ఇల్లు చూడటానికి వెళ్ళాను. ఎదుటి పక్షం గడప తొక్కకూడదని మా వాళ్ళంటారు. కానీ నోటీసు ఇవ్వకముందు మాట్లాడితే తప్పు లేదు. నాగరత్నం గారు నన్ను వరండాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. నేను ఒక కఠినమైన మనిషిని ఊహించుకుని వెళ్ళాను. ఆవిడ నా సంచిలోంచి ఏ కాగితం తీస్తానో అని దాని వంకే చూస్తున్నారు.

ఆవిడ చెప్పింది ఇది. మామగారు అదే ఇంట్లో పోయారు. నక్షత్రం మంచిది కాదన్నారు. ధనిష్ఠలో పోతే ఇల్లు కొన్ని నెలలు మూసెయ్యాలి. మూసేసి, అద్దె ఇంట్లో ఉండి, తిరిగొచ్చి శాంతి చేయించుకున్నారు. అయినా ఆ ఏడాదే ఆవిడ భర్త పోయాడు. ఒక్కగానొక్క కూతురు లావణ్యకు కడుపు రెండుసార్లు నిలవలేదు. ఇప్పుడు మూడోసారి.

"టీచరుగారంటే నాకు కోపం కాదండీ. మా అమ్మాయికి హిందీ నేర్పింది ఆవిడే. నాకు భయమండీ."

మాది క్రైస్తవ కుటుంబం. నక్షత్రాల లెక్క మా ఇంట్లో లేదు. చదువుకున్న దర్పంతో ఆ నమ్మకాన్ని కొట్టిపారెయ్యడం నాకు తేలిక. కానీ ఆ భయం మూఢనమ్మకం కాదు, నిజం. కొత్త లాయర్లకు ఇదొకటి చెప్పాలి. ఎదుటివాళ్ళ కారణం మనకు నవ్వొచ్చేదైనా, దాని వెనక భయం మాత్రం మన క్లయింటు భయమంత బరువే ఉంటుంది.

అయినా నేను ఒకవైపు లాయర్ని. నోటీసు ఇచ్చాను. చట్టప్రకారం తప్ప ఖాళీ చేయించకూడదని తాడేపల్లిగూడెం కోర్టులో దావా వేశాను. ఈలోగా సత్తిబాబు మాట విని నాగరత్నం గారు మేడ మీద ట్యాంకుకు నీళ్ళెక్కించే మోటారు ఆపేశారు. మందులతో నోరు ఎండిపోయిన మనిషి, కింద పంపు దగ్గర బిందె పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. నాకు నాలుగు రోజులు చెప్పలేదు. తెలిసిన రోజునే పిటిషన్ వేసి, నీళ్ళు ఆపకూడదని, కేసు తేలేదాకా ఖాళీ చేయించకూడదని ఇంజంక్షన్ ఆర్డరు తీసుకున్నాను. మోటారు తిరిగింది. కోర్టు ఆవరణలో నేను చాలా సంతోషంగా ఉన్నాను. జూనియరుకు టిఫిను పెట్టించాను కూడా.

ఆ సాయంత్రం ఫోన్ చేసి నీళ్ళొచ్చాయా అని అడిగాను.

"నీళ్ళొచ్చాయండీ," అంది సుభద్ర. "మనిషే రావట్లేదు."

అంతకుముందైతే రోజూ పొద్దున నాగరత్నం గారు కాఫీ గ్లాసుతో మెట్లెక్కి వచ్చేవారట. కొత్త ఆవకాయ కలిపితే మొదటి ముద్ద పైకి వచ్చేదట. మెట్ల దగ్గర ఇప్పుడు గ్రిల్ తలుపు వేసి ఉంటోంది. తాళం లేదు, గడియ మాత్రమే. ఆ గడియ తియ్యమని ఏ కోర్టులోనూ పిటిషన్ వెయ్యలేం.

ఆదివారాలు

ఆదివారాలు చర్చి అయ్యాక ప్యాసింజరు రైలెక్కి గూడెం వెళ్ళడం మొదలుపెట్టాను. క్లయింటు ఇంటికి ఊరికే వెళ్ళకూడదని నేనే జూనియర్లకు చెప్పేదాన్ని. మొదటిసారి సంతకాల పని ఉంది. రెండోసారి ఉందని అనుకున్నాను. మూడోసారి ఏమీ లేదు. దెందులూరు, భీమడోలు, పూళ్ళ, ఒక్కో స్టేషనూ దాటుతుంటే ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచించేదాన్ని. ఎవరూ అడగలేదు. ఆదివారం ఎక్కడికెళ్ళావని అడిగే మనిషి నాకు ఉంటే కదా.

ఒంటరి ఆడమనిషికి ఇల్లు అద్దెకివ్వడానికి జంకుతారు. లాయరుకు అసలే ఇవ్వరు. నేను రెండూను. ఏలూరులో ఇల్లు దొరకడానికి నేను పడ్డ పాట్లు చెబితే సుభద్ర నవ్వేది. నవ్వితే దగ్గొచ్చేది. తను అన్నం వండితే నేను చారు పెట్టేదాన్ని. చేపల వాసన తనకు పడటం లేదు. కలిదిండిలో చేపల చెరువులు చేసే తన తమ్ముడు మనిషి చేత పంపే రొయ్యలు ఆ మనిషికే తిరిగిచ్చేసేది.

తమ్ముడి దగ్గరికి వెళ్ళొచ్చు కదా అని ఒకసారి అడిగాను. "వాడు రమ్మంటూనే ఉంటాడండీ," అంది. "వస్తున్నానంటే ఏమంటాడో చూడటం నాకిష్టం లేదు."

కేసులో ఎదుటి లాయరు వాయిదా అడిగితే నేను అభ్యంతరం చెప్పేదాన్ని కాదు. జీవితమంతా వాయిదాలను తిట్టుకున్నదాన్ని. ఇప్పుడు ప్రతి వాయిదా నా క్లయింటుకు ఇంకొన్ని రోజుల ఇల్లు. న్యాయం నిదానంగా నడవడం వల్ల మేలు జరగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

గ్రిల్ తలుపు

లావణ్యను పురిటికి తీసుకురావాల్సిన రోజులు దగ్గరపడ్డాయి. ఒక ఆదివారం మేమిద్దరం చిక్కుడుకాయలు వలుచుకుంటుంటే కింద గడియ చప్పుడైంది. నాగరత్నం గారు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నన్ను చూసి వెనక్కి తగ్గబోయారు. నేను లేచి వరండాలోకి వెళ్తానన్నాను. ఉండమన్నారు ఆవిడే.

సుభద్ర కుర్చీ చూపించింది. ఆవిడ కూర్చోలేదు.

"నేను ఇంటి ఓనరుగా రాలేదు టీచరుగారూ. అది కోర్టులో ఉందిగా, ఉండనివ్వండి. లావణ్య ఈ ఇంటికే వస్తానంటోంది. వాళ్ళత్తగారింట్లో చూసే దిక్కు లేదు. రెండు పోయాయండీ. ఈ మూడోది... నేను మిమ్మల్ని వెళ్ళమనట్లేదు. నా భయం మీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను?"

సుభద్ర చేతిలోని చిక్కుడుకాయ పక్కన పెట్టి, లావణ్య సరిగా తింటోందా అని అడిగింది. వాంతులు తగ్గాయా అని అడిగింది. నాగరత్నం గారు అప్పుడు కూర్చున్నారు. వాళ్ళిద్దరూ ఆ పిల్ల గురించే చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను చిక్కుడుకాయలన్నీ వలిచేశాను.

ఆవిడ వెళ్ళాక సుభద్ర నన్ను అడిగింది, ఇప్పుడు చట్టం ఏమంటుందని. ఏమీ మారలేదన్నాను. ఆర్డరు మన చేతిలో ఉంది, ఇక్కడే ఉండొచ్చు, ఎవరూ కదిలించలేరని చెప్పాను.

"అయితే నోటీసు రాయండి. నేను ఖాళీ చేస్తున్నానని."

నాకు కోపం వచ్చింది. ఇన్ని నెలలు నేను పోరాడింది దేనికి అన్నాను. గట్టిగానే అన్నాను.

"దీనికేనండీ," అంది. "సత్తిబాబు చెప్పినప్పుడు వెళ్ళి ఉంటే నన్ను గెంటేసినట్టు. ఇప్పుడు వెళ్తే నేను వెళ్ళినట్టు. ఆ తేడా మీరు తెచ్చిపెట్టారు."

పదిహేను రోజుల నోటీసు తనే తన గుండ్రటి చేతివ్రాతతో రాసుకుంది. దావా వెనక్కి తీసుకున్నాం. రికార్డులో చూసేవాళ్ళకు నేను వదులుకున్న కేసు అది. కానీ ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. హక్కు ఉందని తేల్చి వాళ్ళ చేతిలో పెట్టడం మన పని. దాన్ని వాడుకుంటారా, వదిలేస్తారా అన్నది వాళ్ళ పని. మనకు నచ్చినట్టు వాడుకోలేదని అలిగే హక్కు మనకు లేదు.

సత్తిబాబు మర్నాడే వచ్చాడట, ఖాళీ చేయించినందుకు తనకు రావాల్సింది ఇమ్మని. ఆవిడ వెళ్తోంది నీ వల్ల కాదు బాబూ అని నాగరత్నం గారు పంపేశారట. అడ్వాన్సు పూర్తిగా తిరిగిచ్చారు. సున్నాలకని కూడా పట్టుకోలేదు.

మా ఓనరు గారు

వెళ్తానంది గాని ఎక్కడికి? ఇలాంటి రోగుల్ని చూసే ఒక ఆశ్రమాన్ని అడిగితే ఖాళీ లేదన్నారు. నా ఇంటికి రమ్మన్నాను. ఆ మాట ముందుగా ఆలోచించి అన్నది కాదు. అన్నాక మాత్రం వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

సుభద్ర ఒక షరతు పెట్టింది. "మీ ఓనరుకు చెప్పండి. చెప్పకుండా నేను రాను."

మా ఓనరు గారు కాలవల శాఖలో చేసి రిటైరైన మనిషి. కింద భాగంలో ఆయన, భార్య సీతామహాలక్ష్మి గారు. మాట్లాడేది తక్కువ. అద్దె ఇచ్చినప్పుడు పలకరింపు, పండక్కి ఒక పళ్ళెం, అంతే మా పరిచయం. కోర్టులో ఎంతమంది ఓనర్లను నిలదీశానో నాకే తెలియదు. ఆరోజు ఆయన ముందు నిలబడితే నాకూ నా గుమ్మం దగ్గర ఆగే మనుషులకూ తేడా కనిపించలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక స్నేహితురాలు వస్తోందని, జబ్బు మనిషని, తిరిగి వెళ్ళదని.

ఆయన పేపరు మడిచారు. భార్య వైపు చూశారు. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ తల ఎత్తలేదు.

"మీరు లాయరు గారు," అన్నారు చివరికి. "కాదంటే ఏమవుతుందో నాకు తెలుసు కదండీ. తీసుకురండి."

ఆ ఒప్పుకోవడం దయో, భయమో నాకు తెలియలేదు. నా నల్లకోటు చూసి ఒప్పుకున్నారేమో, అదే నేను మామూలు టైపిస్టునో ఆయానో అయితే ఏమనేవారో అని మేడ మెట్లెక్కుతూ అనుకున్నాను. సుభద్ర ఫోన్లో అడిగితే, తీసుకురమ్మన్నారని మాత్రమే చెప్పాను.

చలికాలమంతా తను మా ఇంట్లో ఉంది. కోర్టు నుంచి వచ్చేసరికి దీపం వెలుగుతూ ఉండే ఇల్లు నాకు కొత్త. మొదటి వారం తలుపు తాళం తీయడానికి సంచిలో తాళంచెవి వెతికి, తాళం వేసి లేదని గుర్తొచ్చి ఆగేదాన్ని. తను మంచం మీద నుంచే నన్ను కేకలేసేది, ఎండలో తిరిగానని, మధ్యాహ్నం తినలేదని. నన్ను అలా కేకలేసిన మనిషి మా అమ్మ తర్వాత ఇంకొకరు లేరు.

లావణ్యకు ఆడపిల్ల పుట్టింది. నాగరత్నం గారు ఫోన్ చేసి పిల్ల ఏడుపు వినిపించారు. సుభద్ర ఫోను చెవికి పెట్టుకుని, గొంతు బాగుంది, క్లాసులో వెనక బెంచీకి కూడా వినిపిస్తుంది అంది.

ఆ తర్వాత ఎక్కువ రోజులు గడవలేదు. ఒక పొద్దున నేను కాఫీ కలిపి తెచ్చేసరికి తను లేదు. ముఖం కిటికీ వైపు ఉంది.

కలిదిండి

తమ్ముడు వ్యాను తీసుకుని వచ్చాడు. మంచి మనిషే. ఏడుస్తూనే, నా దగ్గరికి ఎందుకు రాలేదండీ అని నన్ను అడిగాడు. నేనూ వ్యానులో ఎక్కాను. కొల్లేరు మీదుగా కైకలూరు, అక్కడ నుంచి కలిదిండి. దారి పొడుగునా చెరువులు, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు. తనకు ఆ వాసన పడదని నాకు గుర్తొచ్చింది. అద్దం పైకెత్తాను.

బయట పోయిన మనిషిని లోపలికి తీసుకెళ్ళరని ఇంటి ముందు టెంటు కింద పడుకోబెట్టారు. ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని ఏడ్చారు. చిన్నప్పటి పేర్లు పెట్టి పిలిచారు. ఆ పేర్లు నాకు తెలియవు. నేను ఒక చివర కుర్చీలో కూర్చున్నాను. ఆవిడెవరని ఒకరు అడిగారు. లాయరని ఇంకొకరు చెప్పారు. లాయరెందుకొచ్చింది, ఆస్తి గొడవలేమైనా ఉన్నాయా అని ఒక పెద్దావిడ పక్కామెను అడగడం నాకు వినిపించింది. తమ్ముడి భార్య ఆ తర్వాత నా వైపు చూసిన చూపు మారింది. అందుకని ఎక్కువసేపు ఉండలేదు. శ్మశానానికి తీసుకువెళ్ళాక, ఎవరికీ చెప్పకుండా లేచి రోడ్డు మీదికొచ్చి బస్సెక్కాను.

ఏడవడానికి నాకు చోటు దొరకలేదు. బస్సులో అందరూ ఉన్నారు. తను నాకు ఏమవుతుందో చెప్పే మాట లేదు. చుట్టం కాదు. క్లయింటు కూడా కాదు, దావా ఎప్పుడో వెనక్కి తీసుకున్నాం. కోర్టులో అయితే ఆమెకూ నాకూ సంబంధం ఏమిటని అడిగితే నిరూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు.

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. గేటు తీసే ఉంది. మా మెట్లు కడిగి ఉన్నాయి. మంచం తీసి గోడకు నిలబెట్టి, గది తుడిచి, మూలన ప్రమిద వెలిగించి ఉంది. చేసిందెవరో అర్థం కాక అలాగే నిలబడ్డాను. స్నానం చేసి, ఏదో ఒకటి వండుకోవాలి కదా అని వంటింట్లోకి వెళ్ళి గిన్నె తీశాను.

వెనక మెట్ల మీద అడుగుల చప్పుడైంది. సీతామహాలక్ష్మి గారు కేరేజీతో వచ్చారు. అన్నేళ్ళలో ఆవిడ మేడ మీదికి రావడం అదే మొదలు. నా చేతిలో గిన్నె చూసి, మెల్లగా దాన్ని తీసుకుని పక్కన పెట్టారు.

"మనిషి పోయిన ఇంట్లో ఇవాళ పొయ్యి వెలిగించకూడదండీ. మీవాళ్ళు పోతే మేం పెట్టాలి. తినండి."

ఆవిడ నాకు ఏమీ కాదండీ అని చెప్పబోయాను. చెప్పలేదు. కేరేజీ అందుకుని, అక్కడే నేల మీద కూర్చుని, గట్టిగా ఏడ్చాను.